వైఫై ఉన్న ఇంట్లో తలనొప్పితో మూడేళ్లు

చెల్లెమ్మా,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వరంగల్ మట్టెవాడలో కిరాయి ఇల్లు, రెండో అంతస్తు, ఎదురు డాబా మీద సెల్ టవర్. మీ ఆయన పని ఇంటి నుంచే కాబట్టి ఎనిమిది నెలల కింద వైఫై పెట్టించారు. అప్పటి నుంచి నీకు తలనొప్పి, చెవిలో గుయ్‌మనే చప్పుడు, అరచేతుల్లో చిమచిమ, రాత్రి రెండింటికి మెలకువ. ముగ్గురు డాక్టర్లు చూసి ‘ఏం లేదమ్మా’ అన్నారు. మీ ఆయన ‘అంతా నీ భ్రమ’ అన్నారు. ఇప్పుడు ఒకతను వచ్చి ఇంటి నాలుగు మూలలా నాలుగు పరికరాలు పెడతా, పన్నెండు వేలు ఇవ్వండి అంటున్నాడు. అవి కొనాలా, వైఫై తీయించాలా, ఇల్లు మారాలా అని అడిగావు.

పరికరాలు కొనకు. ఇల్లు ఇప్పుడే మారకు. ముందు ఒక మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు. ఎందుకో చెప్తాను. నువ్వు అని రాస్తున్నా, ఏమనుకోకు. నీ వయసులో నాకు చెల్లెలుంది.

నేను హనుమకొండలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో 22 ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. తరంగాల పాఠం పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. అయినా నీకొచ్చిందే నాకూ వచ్చింది, మూడేళ్లు ఉంది. నువ్వు చెప్పే ప్రతి బాధా నాకు ఒంటితో తెలుసు. అందుకే నీకు భ్రమ అని నేను చచ్చినా అనను. నొప్పి ఎవరిదైనా, కారణం ఏదైనా, నొప్పి నొప్పే.

2020లో ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు మా వడ్డేపల్లి ఇంట్లో మొదటిసారి రౌటర్ పెట్టించాం. హాల్లో టీవీ సజ్జ మీద, తెల్ల డబ్బా, రెండు కొమ్ములు. పొద్దున తొమ్మిదింటి నుంచి మూడు దాకా దాని ముందే కూర్చుని పాఠాలు చెప్పేదాన్ని. నెల తిరిగేసరికి కుడి కణత దగ్గర పోటు మొదలైంది. సాయంత్రానికి అది కన్ను వెనక్కి పాకేది. తర్వాత చెవుల్లో హోరు. తర్వాత ల్యాప్‌టాప్ మీద మణికట్టు పెడితే చీమలు పాకినట్టు. ఒక ఆదివారం కరెంటు పోయి రౌటర్ ఆగింది, ఆ పూట నాకు హాయిగా ఉంది. అంతే, దొంగ దొరికాడనుకున్నా. ఆ రోజు పాఠాలు లేవని, మధ్యాహ్నం రెండు గంటలు పడుకున్నానని అప్పుడు తట్టలేదు.

ఆ తర్వాత ఇంటర్నెట్‌లో వెతికాను. వెతికిన కొద్దీ నా బాధలన్నీ అక్కడ రాసి ఉన్నాయి. నాకు లేనివి కూడా ఉన్నాయి, చదివిన వారానికి అవీ వచ్చాయి. గుండె దడ వచ్చింది. ముఖం మీద వేడి వచ్చింది. 2021 మే నెలలో కరోనా రెండో అలలో మా నాన్న పోయారు. చివరిచూపు సరిగా దక్కలేదు. ఆ దుఃఖం ఎటు పోయిందో నాకు తెలియలేదు, ఏడవను కూడా లేదు. ఆ వేసవిలోనే నా తలనొప్పి రోజూ వచ్చేదిగా మారింది.

మంచం వెనక అర్రలోకి మార్చుకున్నా. గోడలకు అల్యూమినియం రేకు కాగితం అంటించా. ఫోన్‌ను అదే కాగితంలో చుట్టి పెట్టేదాన్ని. గడప దగ్గర ఒక వెదురు బుట్ట పెట్టి, ఎవరొచ్చినా ఫోన్ బంద్ చేసి అందులో వేయాలని నియమం పెట్టా. మా ఆడబిడ్డ రెండుసార్లు వేసింది, మూడోసారి రావడమే మానేసింది. బతుకమ్మకు తల్లిగారింటికి పోలేదు, అక్కడ అందరి చేతుల్లో ఫోన్లే అని. 2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు మా ఇంటోళ్లంతా ఎత్తు బంగారం (మొక్కు బెల్లం) తీసుకుని పోతే, నేనొక్కదాన్నే ఇంట్లో ఉన్నా. జాతరకు తాత్కాలిక టవర్లు పెడతారు, లక్షల ఫోన్లుంటాయి, అక్కడికి పోతే బతకననుకున్నా. ఆ నాలుగు రోజులూ రౌటర్ తీసేసి, ఫోన్ బంద్ పెట్టి, తలుపులేసుకుని ఉన్నా తలనొప్పి తగ్గలేదు. దానికి పక్కింటి వైఫైని తప్పు పట్టా.

ఆ ఏడాది మే నెలలో మా అబ్బాయి సెలవులకొచ్చాడు. వాడు గొడవ పడలేదు, నవ్వలేదు. “అమ్మా, నువ్వు ప్రాక్టికల్స్‌లో పిల్లలతో ఎట్ల చేయిస్తవో అట్ల మనం చేద్దామా” అన్నాడు. ఆ మాటకు నేను కాదనలేకపోయా.

ఎలా చేశామో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో చిన్న లొసుగు ఉన్నా ఫలితం పనికిరాదు. రౌటర్‌ను పక్క గదిలో అట్టపెట్టెలో పెట్టి మూశాం, దాని దీపాలు కనపడకుండా. ఫోన్లన్నీ బంద్. అబ్బాయి రూపాయి బిళ్ల ఎగరేసి, బొమ్మ పడితే రౌటర్ ఆన్, బొరుసు పడితే ఆఫ్ చేసి, ఒక పొడుగు నోటుబుక్కులో రాసి, బుక్కు తీసుకుని బంగ్లా మీదికి పోయేవాడు. వాడి ముఖం నాకు కనపడకూడదు. నా పక్కన మావారు కూర్చునేవారు, ఆయనకూ తెలియదు. అరగంట తర్వాత నేను ఇంకో కాగితం మీద ‘ఉంది’ అనో ‘లేదు’ అనో, తలనొప్పి పదికి ఎంత అనో రాసేదాన్ని. రోజుకు రెండుసార్లు, పన్నెండు రోజులు. మొత్తం 24.

పదమూడో రోజు భోజనాల బల్ల మీద రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. నేను సరిగా చెప్పింది 11. కళ్లు మూసుకుని బిళ్ల ఎగరేసి చెప్పినా సుమారు 12 వస్తాయి. 24లో 17 గానీ అంతకు మించి గానీ వచ్చి ఉంటే నా ఒంటికి ఏదో తెలుస్తోందని గట్టిగా అనుకోవచ్చు, ఎందుకంటే ఊరికే ఊహిస్తే అన్ని కుదిరే అవకాశం నూటికి మూడు పాళ్లే. లెక్క నేనే వేశా.

కానీ నన్ను కదిలించింది ఆ లెక్క కాదు. ఏడో రోజు సాయంత్రం నా కాగితం మీద ‘ఉంది, పదికి తొమ్మిది’ అని ఉంది. ఆ రోజు నాకు గుర్తే. తల చుట్టూ తడి తువ్వాలు బిగించి కట్టుకున్నా, చివరికి వాంతి కూడా అయింది. అబ్బాయి బుక్కులో అదే వరుసలో, వాడి గొలుసుకట్టు రాతలో, ‘ఆఫ్’ అని ఉంది. ఆ మాట మీద వేలు పెట్టి చాలాసేపు అట్లనే కూర్చున్నా.

వెంటనే ఊరట రాలేదు. కోపం వచ్చింది. వాడు తప్పు రాశాడేమో అన్నా. రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. సిగ్గు కూడా వచ్చింది, ఇన్నేళ్లు తరంగాల పాఠం చెప్పిన మనిషిని అని. ఇది నీకెందుకు చెప్తున్నానంటే, ఈ పరీక్ష నువ్వు కూడా చేయవచ్చు గానీ, మీ ఆయన గెలిచి నువ్వు ఓడే పందెంలాగా మాత్రం చేయకు. ఫలితం ఎట్లా వచ్చినా నిన్ను దెప్పనని ఆయన ముందే మాట ఇవ్వాలి. ఆ మాట ఇవ్వకపోతే చేయనే వద్దు.

మా ఇంట్లో జరిగింది పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో ఎప్పుడో జరిగింది. లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2010లో ఇలాంటి 46 ప్రయోగాలను పోగుచేసి చూశారు. మాకు ఈ తరంగాలు పడవు అనే 1,175 మంది వాటిలో పాల్గొన్నారు. సిగ్నల్ నిజంగా ఉన్నప్పుడు, ఉత్తుత్తిగా పెట్టినప్పుడు, బాధలు దాదాపు ఒకేలా వచ్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005 డిసెంబరులోనే రెండు మాటలూ కలిపి చెప్పింది. ఈ లక్షణాలు నిజమైనవి, కొందరిని మంచాన పడేసేంత తీవ్రమైనవి. అవి విద్యుదయస్కాంత క్షేత్రాల వల్ల వస్తున్నాయనడానికి మాత్రం శాస్త్రీయ ఆధారం లేదు. చాలామంది రెండో మాట ఒక్కటే పట్టుకుని మనల్ని గేలి చేస్తారు. మొదటి మాటకు కూడా అంతే బరువుంది.

ఇది చదువు లేనివాళ్లకో, పిరికివాళ్లకో వచ్చేదని ఎవరైనా అంటే, నార్వే ప్రధానిగా చేసి, తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థకే అధిపతిగా ఉన్న గ్రో హార్లెమ్ బ్రంట్‌లాండ్ పేరు చెప్పు. ఆమె స్వయంగా డాక్టరు. సెల్‌ఫోన్ దగ్గరుంటే తనకు తలనొప్పి వస్తుందని 2002లో ఆ పదవిలో ఉండగానే చెప్పారు.

మరి లేని సిగ్నల్‌కు వాంతి ఎట్లా అయింది? ఎవరైనా పక్కన కూర్చుని పేల గురించి మాట్లాడితే మన నెత్తి దురద పెట్టదూ? ఆ దురద అబద్ధం కాదు, గీరుకుంటే గీతలు కూడా పడతాయి. పేను మాత్రం లేదు. ముప్పు ఉందని నమ్మిన ఒళ్లు కాపలా కాస్తుంది. మెడ, దవడ, భుజాలు బిగుసుకుంటాయి. ఊపిరి పైపైన ఆడుతుంది, అందువల్లే చేతుల్లో చిమచిమ, తల తేలిపోవడం వస్తాయి. నిద్ర పలచబడుతుంది. నిద్ర లేని మర్నాడు ఎవరికైనా తల నొస్తుంది. ఆ నొప్పిని చూసి భయం ఇంకొంచెం పెరుగుతుంది. 2013లో ఒక ప్రయోగంలో కొందరికి వైఫై ప్రమాదం అని చెప్పే టీవీ కార్యక్రమం ముక్క చూపించి, తర్వాత వైఫై పెడుతున్నామని చెప్పి ఏమీ పెట్టలేదు. ముందే ఆందోళన ఎక్కువ ఉండే స్వభావం గలవాళ్లలో, ఆ వీడియో చూసినవాళ్లకు బాధలు ఎక్కువ వచ్చాయి. నేను రాత్రిళ్లు వీడియోలు చూసిన రోజుల్లో నాకు జరిగింది అదే. చెల్లె, ఈ రాత్రి నుంచి ఆ వీడియోలు చూడటం మానెయ్. వైఫై తీయించడం కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

ఇప్పుడు నా సబ్జెక్టు కాస్త చెప్పనివ్వు. ఇంటి రౌటర్ పంపే శక్తి సుమారు 0.1 వాట్. మూడు మీటర్ల దూరం పోయేసరికి అది చదరపు మీటరుకు ఒక మిల్లీవాట్ కంటే తక్కువ. మధ్యాహ్నం ఎండలో అదే చదరపు మీటరు మీద పడేది సుమారు వెయ్యి వాట్లు. పైగా వైఫై శక్తి కూడా వెలుతురులాగే చిన్న చిన్న రేణువులుగా వస్తుంది. ఆ రేణువు ఒక్కోదానిలో ఉండే శక్తి, ఆకు మీద నుంచి మన కంటికి వచ్చే పచ్చని వెలుతురు రేణువులో ఉన్న శక్తిలో యాభై వేల వంతు కూడా లేదు. ఒంట్లో అణువుల బంధాలను తెంపే సత్తువ దానికి లేదు. ఎక్స్‌రేకి ఉంది. రెండింటినీ ‘రేడియేషన్’ అనే ఒకే మాటతో పిలవడం వల్ల చాలా భయం పుట్టింది. కణజాలాన్ని వేడి చేయడం రేడియో తరంగాలకు తెలుసు, మైక్రోవేవ్ పొయ్యి చేసే పని అదే. ఆ పొయ్యికి 700 వాట్లు పైన కావాలి, అవన్నీ ఇనుప పెట్టెలో బంధించాలి.

క్యాన్సర్ సంగతి కూడా నీ మనసులో ఉంటుంది, అడగకపోయినా. 2011 మేలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఈ తరంగాలను ‘కారణం కావచ్చేమో’ అనే 2బి వర్గంలో పెట్టింది. ఆధారాలు పరిమితం, ఇంకా చూడాలి అని దాని అర్థం. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 63 అధ్యయనాలను సమీక్షించినవాళ్లు, సెల్‌ఫోన్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనపడలేదని 2024లో తేల్చారు. ఆ ప్రశ్న వేరు, నీ తలనొప్పి ప్రశ్న వేరు. రెండూ కలిపి మోయకు.

ఇక ఎదురింటి టవర్. దీపం కింద చీకటి అంటామే, టవర్‌కు కూడా అది వర్తిస్తుంది. యాంటెన్నాలు తరంగాలను టార్చి వెలుతురులాగా దూరానికి, కొంచెం కిందికి వంచి పంపుతాయి. సరిగ్గా కింద ఉన్న ఇంటికి తక్కువే పడుతుంది. ఎదురింట్లో ఎంత పడుతుందో కొలిస్తేనే తెలుస్తుంది. మన దేశంలో 2012 సెప్టెంబర్ 1 నుంచి టవర్లకు అంతర్జాతీయ పరిమితిలో పదో వంతు నిబంధన తెచ్చారు. నీకు టవర్ మీద నిజంగా అనుమానముంటే టెలికాం శాఖ వాళ్ల తరంగ్ సంచార్ వెబ్‌సైట్ ఉంది, 2017లో పెట్టారు. అందులో మీ వీధి టవర్లు కనపడతాయి. నాలుగు వేలు ఫీజు కడితే వచ్చి మీ ఇంట్లోనే కొలిచి చెప్తారు. పన్నెండు వేల పరికరాల కంటే నాలుగు వేల కొలత మేలు. నేను కొలిపించుకోలేదు, ఆ బుక్కు చూశాక అవసరం అనిపించలేదు.

ఇంకో సంగతి. టవర్ దూరమైతే మన ఫోనే గట్టిగా అరవాలి. సిగ్నల్ గీతలు ఒకటో అరో ఉన్నచోట ఫోన్ తన శక్తిని ఎంతో పెంచుకుని పంపుతుంది, అదీ చెవి పక్కనే. నేను వెనక అర్రలో రేకు కాగితం చుట్టిపెట్టిన ఫోన్ సిగ్నల్ కోసం వెతికి వెతికి సాయంత్రానికే బ్యాటరీ అయిపోయేది. కాపాడుకుంటున్నా అనుకుంటూ దానితో ఎక్కువ పని చేయించా.

ఇప్పుడు ఎలక్ట్రీషియన్ ఎందుకో చెప్తా. నీ అరచేతుల చిమచిమ ఎప్పుడు వస్తుందో రాశావు, ‘ల్యాప్‌టాప్ ముట్టుకున్నప్పుడు, ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు’ అని. అది చదవగానే నేను లేచి కూర్చున్నా. అది వైఫై కాదు, కరెంటే అయి ఉండొచ్చు. ల్యాప్‌టాప్ చార్జర్ లోపల కరెంటును శుభ్రం చేసే చిన్న కెపాసిటర్లుంటాయి. వాటి గుండా కొద్దిగా లీకేజీ వస్తుంది, అది ఎర్త్ తీగలోకి పోవాలి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌లో దోపినా, ఇంట్లో ఎర్తింగ్ చచ్చిపోయినా, ఆ లీకేజీకి దారి లేక ల్యాప్‌టాప్ లోహపు ఒంటి మీదికి వస్తుంది. మెల్లగా నిమిరితే జుమ్మంటుంది. ఆ కొంచెం ప్రాణం తీయదు గానీ, అదే ఇంట్లో ఫ్రిజ్ లోపల తీగ ఊడిన రోజు తీస్తుంది.

మా ఇల్లు మా మామయ్య 1994లో కట్టించింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఫ్రిజ్ ఒంటికి టెస్టర్ ఆనిస్తే ఎర్రగా వెలిగింది. పెరట్లో కానుగ చెట్టు కింద ఎర్త్ గుంట తవ్వించాడు. మట్టి ఎండి పిండి అయింది. పైపుకు కట్టిన తీగ చిలుము పట్టి, ఇట్లా పట్టుకుంటే అతని చేతిలోకే ఊడి వచ్చింది. ఎన్నేళ్లుగా ఇంట్లో ఏ వస్తువుకూ ఎర్త్ లేదో దేవుడికే తెలుసు. కొత్త పైపు వేసి, బొగ్గు, ఉప్పు పోసి, నీళ్లు పట్టాడు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే స్విచ్ పెట్టించాం, లీకేజీ అయితే కన్ను మూసి తెరిచేలోగా అది కరెంటును ఆపేస్తుంది. ఆ రోజు నుంచి ల్యాప్‌టాప్ మీద చీమలు పాకడం ఆగింది. మన ఎండలకు ఎర్త్ గుంట మార్చి నాటికే ఆరిపోతుంది, వేసవి మొత్తం వారానికోసారి ఒక బిందె నీళ్లు పోయాలి. మీది కిరాయి ఇల్లు కాబట్టి ఓనర్‌తో మాట్లాడాలి. “వైఫై వల్ల ఒంట్లో బాలేదు” అంటే వినడేమో గానీ, “ఫ్రిజ్ షాక్ కొడుతోంది” అంటే వింటాడు.

అదే చూపుతో ఇల్లంతా చూసుకో. మా హాల్లో చవక ఎల్ఈడీ బల్బు ఒకటుండేది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అలాంటి బల్బులు 100 సార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, కానీ కొందరికి తల పోటు తెస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే దడదడలాడుతూ కనపడుతుంది. రాత్రి అందరూ పడుకున్నాక చెవి పెట్టి విను, ఇన్వర్టర్ గుర్రుమంటుందా, ఫ్యాన్ రెగ్యులేటర్ తక్కువలో పెడితే మూలుగుతుందా. ఇన్వర్టర్ బ్యాటరీ పడక గదిలో ఉంటే మాత్రం వెంటనే బయట గాలాడే చోటికి మార్పించు. చార్జ్ అయ్యేటప్పుడు దాని నుంచి వాయువులు వస్తాయి. కిటికీలు మూసి దోమల చక్రం వెలిగించుకునే అలవాటుంటే అదీ ఆపు. ఇవన్నీ చేసినా చెవిలో హోరు పోకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించు. చాలామందికి నిశ్శబ్దంలో అది పెద్దదిగా వినపడుతుంది. పడుకునేటప్పుడు ఫ్యాన్ చప్పుడు ఉండనివ్వు.

డాక్టర్లు ఏం లేదన్నారని రాశావు. ఏ పరీక్షలు చేశారో రాయలేదు. మళ్లీ పో, ఈసారి వైఫై మాట ముందే ఎత్తకు, లక్షణాలే చెప్పు. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్, బీపీ చూపించుకో. కళ్లద్దాల నంబరు చూపించుకో. చేతుల్లో తిమ్మిర్లకు బి12 తక్కువ కావడం చాలా మామూలు కారణం, మాంసం తినని ఇంట్లో అయితే మరీ. మెడ, మణికట్టు కూడా చూడమను. నా సంగతి అడిగితే, అది మైగ్రేన్ అని తేలింది. 46 ఏళ్లు, నెలసరి గతి తప్పిన రోజులు, రోజుకు ఆరు గంటలు తెర ముందు, మధ్యాహ్నం భోజనం రెండున్నరకు, పైన నాన్న పోయిన దుఃఖం. మైగ్రేన్‌కు ఇంతకంటే ఏం కావాలి? తలనొప్పికి డైరీ రాయమన్నారు. నెల రోజులు తిండి, నిద్ర, నెలసరి, ఎండ, నొప్పి అన్నీ రాస్తే నా తలనొప్పి దేనిని పట్టుకుని వస్తుందో కాగితం మీద కనపడింది. గోలీలు ఆరు నెలలు వాడా.

ఇంకొకటి కూడా చేశా, దాన్ని దాచను. మానసిక డాక్టర్ దగ్గరికి పోయా. మొదట ‘నాకేమైనా పిచ్చా’ అని మావారి మీద అరిచా. ఆ డాక్టరమ్మ మాత్రం నా నొప్పి అబద్ధం అని ఒక్కసారి కూడా అనలేదు. మొదటి అరగంట నాన్న గురించే అడిగింది. అప్పుడు ఏడ్చా, ఏడాదిన్నర తర్వాత. ఆలోచనను, భయాన్ని, అలవాటును మెల్లగా మార్చే మాటల చికిత్స ఒకటుంది, ఈ బాధలో ఉన్నవాళ్లకు కొంత ఉపశమనం ఇస్తుందని పరిశోధనల్లో కనపడింది. ఎంజీఎం పెద్ద దవాఖానలో ఆ విభాగం ఉంది. బయటికి పోవడం ఇప్పుడే ఇష్టం లేకపోతే 14416కు ఫోన్ చెయ్, టెలి మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులేం తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ఆ పరికరాలాయన గురించి. నాకు కూడా ఒకతను వచ్చాడు. ఫోన్ వెనక అంటించే స్టిక్కర్, మెడలో వేసుకునే బిళ్ల, రౌటర్ పక్కన పెట్టే పిరమిడ్. తొమ్మిది వేలు పోశా. వాటిని పెట్టిన మొదటి వారం నిజంగానే తగ్గింది, రెండో వారం మళ్లీ మామూలే. ఆ స్టిక్కర్ సిగ్నల్‌ను నిజంగా ఆపితే ఫోనే పనిచేయదు. ఫోన్ పనిచేస్తోందంటే అది ఏమీ ఆపడం లేదు. అంతకంటే భయపెట్టే సంగతి, 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ 5జీ నుంచి కాపాడతాయని అమ్ముతున్న పది వస్తువులను వాడొద్దని హెచ్చరించింది. మెడలో బిళ్లలు, నిద్రలో కళ్లకు కట్టుకునే పట్టీ లాంటివి అందులో ఉన్నాయి. వాటి నుంచి నిజమైన అయనీకరణ రేడియేషన్ వస్తోంది, ఎక్స్‌రే జాతిది. చాలాకాలం ఒంటి మీదే ఉంచుకుంటే చర్మం పాడయ్యే అవకాశం ఉంది. వేల రూపాయలిచ్చి లేని ప్రమాదం నుంచి ఉన్న ప్రమాదంలోకి పోవడం అది.

మీ ఆయనకు ఈ ముక్క చూపించు. అన్నా, ఆమెను భ్రమ అనకండి. ఆ మాట అన్న ప్రతిసారీ ఆమె తన బాధ నిజమని నిరూపించుకోవడానికే బలమంతా పెట్టాల్సి వస్తుంది. బాగుపడటానికి మిగలదు. మావారు బుట్టలో ఫోన్ వేయడానికి విసుక్కున్నారు గానీ, 24 సార్లూ నా పక్కన కూర్చున్నారు. రౌటర్‌ను పడక గది గోడకు ఆనించి పెట్టి ఉంటే హాల్లోకి మార్చండి. రాత్రి పదకొండుకు ఆఫ్ చేయండి, మీ ఫోన్‌తో సహా. అది తరంగాల కోసం కాదు, ఇద్దరూ వేళకు పడుకోవడం కోసం. పొద్దున మీ పని మీరు చేసుకోండి.

తిరిగి రావడం ఎట్లా అంటే, మెల్లగా. రేకు కాగితం ఒకేసారి పీకేయలేదు. మొదటి వారం రౌటర్ ఆన్‌లో ఉన్న హాల్లో పావుగంట కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీశా. నొప్పి వచ్చింది. లేచి పోకుండా ఉండటమే నా పని. ఊపిరి మీద ధ్యాస పెట్టి, భుజాలు దింపి, ‘ఇది మైగ్రేన్, నా ఒళ్లు కాపలా కాస్తోంది, పోతుంది’ అనుకునేదాన్ని. తర్వాత అరగంట, తర్వాత ఒక పూట. రెండు నెలలకు మంచం ముందు గదికి వచ్చింది. బుట్ట తీసేసిన రోజు ఆడబిడ్డకు నేనే ఫోన్ చేసి రమ్మన్నా. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారా, ఒకసారి పది రోజులు మళ్లీ వెనక అర్రలోనే పడుకున్నా. జారితే మొదటి మెట్టుకు పడిపోయినట్టు కాదు, ఒక మెట్టు దిగినట్టు.

2024 ఫిబ్రవరిలో మేడారం పోయా. సమ్మక్క గద్దెకు వచ్చే రోజు, చుట్టూ ఎటు చూసినా ఎత్తి పట్టుకున్న ఫోన్లే. తల నొచ్చింది, మధ్యాహ్నం ఎండలో, నీళ్లు తాగక. గోలీ వేసుకుని చెట్టు నీడన గంట పడుకుంటే పోయింది. ఇప్పటికీ నెలకు రెండు మూడుసార్లు వస్తుంది. వచ్చినప్పుడు రౌటర్ వైపు చూడను, నిన్న ఎన్నింటికి పడుకున్నానో చూసుకుంటా.

నువ్వు ఈ వారంలో రెండు పనులు చెయ్. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించు, రక్త పరీక్షలకు పో. టెస్టర్ మీ ఫ్రిజ్ మీద వెలిగిందో లేదో, బి12 ఎంత వచ్చిందో నాకు రాయి. వెలిగితే మాత్రం ఎర్తింగ్ అయ్యేదాకా చెప్పుల్లేకుండా ఫ్రిజ్ తలుపు తీయకు, పిల్లలుంటే వాళ్లను అసలు ముట్టనివ్వకు.